మజ్జిగ ఉండగా కొంబుచా అవసరమా?

ప్రశ్న: మా ఇంట్లో రెండు పూటలా మజ్జిగ తాగడం అలవాటు. డాలస్ నుంచి వచ్చిన మా అమ్మాయి జీర్ణశక్తికి మంచివంటూ కొంబుచా (పులియబెట్టిన తీపి టీ), కెఫిర్ (పులియబెట్టిన పాల పానీయం) తాగమంటోంది. యాకుల్ట్ సీసాలు కూడా కొనిపెట్టింది. కొత్తగా మొదలుపెట్టేవారు వీటిలో దేనిని ఎంచుకోవాలి? మజ్జిగ, రాగి అంబలి చాలవా? నాకు 60 ఏళ్లు, షుగరు ఉంది.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పులిసిన ప్రతి పానీయమూ ప్రోబయోటిక్ కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2001లో సమావేశపరచిన నిపుణులు, తగిన మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులనే ప్రోబయోటిక్‌లుగా నిర్వచించారు. కాబట్టి ఏ పానీయాన్ని చూసినా, మనం తాగే సమయానికి అందులోని సూక్ష్మజీవులు బతికి ఉన్నాయా అన్నది మొదట గమనించాలి.

మీ రాగి అంబలినే తీసుకోండి. రాత్రంతా పులిసిన పిండిలో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పుష్కలంగా పెరుగుతుంది గాని, పొద్దున దానిని ఉడికించగానే అది నశిస్తుంది. అలాగని పులియబెట్టిన శ్రమ వృథా కాదు. పిండిలో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు అనే పదార్థాలు తగ్గడం వల్ల ఇనుము వంటి ఖనిజాలు ఒంటికి బాగా పడతాయి. చల్లారిన అంబలిలో మజ్జిగ కలుపుకొనే మన పెద్దల అలవాటు వల్ల బతికున్న బ్యాక్టీరియా మళ్లీ అందులోకి చేరుతుంది. గంజిని కుండలో పులియబెట్టి, మళ్లీ కాచకుండా తాగే తరవాణి కూడా సజీవ పానీయమే. అది మన ఇళ్లలో కనుమరుగవుతుండడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఇంటి పెరుగు, మజ్జిగలలో ఏ రకం బ్యాక్టీరియా ఎంత ఉందో తోడును బట్టి మారుతుంది కనుక వాటికి ప్రోబయోటిక్ అన్న ముద్ర వేయలేము, అయినా కొత్తవారికి అంతకంటే మంచి ఆరంభం లేదు. ఫ్రిజ్ అవసరం లేకుండా నెలల తరబడి నిల్వ ఉండే ప్యాకెట్ మజ్జిగ మాత్రం బాగా వేడిచేసినది. దానిని ఈ ప్రయోజనం కోసం కొనకండి.

యాకుల్ట్ సంగతి వేరు. జపాన్‌లో మినోరు షిరోటా 1930లో వృద్ధి చేసిన ఒక నిర్దిష్టమైన బ్యాక్టీరియాతో తయారయ్యే ఈ పానీయం 1935 నుంచి అమ్మకంలో ఉంది, దానిపై పరిశోధనలూ జరిగాయి. అయితే మామూలు రకంలో చక్కెర కలుస్తుంది కనుక మీరు సీసాపై ముద్రించిన చక్కెర పరిమాణం చదివి, ఆ రోజు లెక్కలో చేర్చుకోవాలి.

కొత్త రుచి కావాలనుకుంటే కెఫిర్ ప్రయత్నించండి. కాకసస్ పర్వత ప్రాంతం నుంచి వచ్చిన దీని ‘గింజలు’ విత్తనాలు కావు, తోడులా పనిచేసే సూక్ష్మజీవుల ముద్దలు; చిన్న కాలీఫ్లవర్ ముక్కల్లా ఉంటాయి. కాచి చల్లార్చిన పాలలో వేస్తే దాదాపు ఒక రోజులో, ఎండాకాలంలో ఇంకా త్వరగా పులుస్తాయి. బ్యాక్టీరియాతోపాటు ఈస్టు కూడా ఉండడం వల్ల నాలుకకు కాస్త చురుక్కుమంటుంది.

కొంబుచాను ఇంట్లో చేయడం మాత్రం మొదటి అడుగు కాకూడదని నా అభిప్రాయం. తీపి టీని వారం, పది రోజులు పులియబెట్టే ఈ పద్ధతిలో శుభ్రత లోపిస్తే బూజు పడుతుంది, ఎంత శుభ్రంగా చేసినా కొద్దిగా ఆల్కహాలు పుడుతుంది, గట్టిగా మూసిన సీసా వాయువు ఒత్తిడికి పగలవచ్చు. ఇత్తడి, రాగి పాత్రలను ఆమ్లం కరిగిస్తుంది కనుక గాజు పాత్రే వాడాలి. పులిసిన తరువాత కూడా కొంత చక్కెర మిగులుతుంది. షుగరు ఉన్నవారికి ఇది తొందరపడి ఎంచుకోవలసిన పానీయం కాదు.

ఏది తీసుకున్నా మొదట్లో అర గ్లాసు మించవద్దు. కడుపు ఉబ్బరం, గ్యాస్ కొద్ది రోజులు ఉండి సర్దుకోవచ్చు, సర్దుకోకపోతే మానేయండి. కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు వైద్యుని అడగకుండా వీటిని తాగకూడదు. గర్భిణులు ఇంట్లో చేసిన కొంబుచా జోలికి వెళ్లకపోవడమే మంచిది. షుగరు మాత్రలను మాత్రం ఏ పానీయాన్ని నమ్ముకొనీ తగ్గించకండి.