బుల్లెట్‌కు సెంటర్ స్టాండ్ వేయడం ఎలా?

ప్రశ్న: నా వయసు 58. మా అబ్బాయి ఇంట్లో ఉంచి వెళ్లిన 350 సీసీ బుల్లెట్‌కు సెంటర్ స్టాండ్ వేయబోతే నడుము పట్టేసింది. నాకు బలం చాలకపోవడమే కారణమా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాదండీ. 190 కిలోలు దాటిన బండిని చేతులతో ఎత్తాలని చూస్తే కుర్రవాళ్లకైనా నడుము పడుతుంది; ఎత్తవలసింది చేతులు కాదు, స్టాండ్ మీద మోపిన మీ శరీర బరువు.

గట్టి, సమతలమైన నేల చూసుకొని, బండిని న్యూట్రల్‌లో ఉంచి, ఎడమవైపు నిలబడండి. ఎడమ చేత్తో హ్యాండిల్‌ను, కుడి చేత్తో సీటు పక్కనున్న కడ్డీని పట్టుకొని, బండిని నిటారుగా నిలిపి, కుడికాలితో స్టాండ్‌ను కిందికి నొక్కండి. ఇక్కడ తొందరపడకూడదు. స్టాండ్ రెండు కాళ్లూ ఒకేసారి నేలకు ఆనినట్టు పాదానికి తెలుస్తుంది. ఒక్క కాలే ఆనితే బండి పక్కకు ఊగుతుంది. రెండూ ఆనాక, వెన్ను వంచకుండా, మెట్టు ఎక్కుతున్నట్టు ఒంటి బరువంతా మీ కుడికాలి మీద వేస్తే బండి కాస్త వెనక్కి జరుగుతూ పైకి లేస్తుంది. అలా జరగాలి కాబట్టి ముందు చక్రం బ్రేకు పట్టకండి.

అప్పటికీ బరువనిపిస్తే వెనుక చక్రాన్ని అర అంగుళం మందమున్న చెక్క మీదికి ఎక్కించి ప్రయత్నించండి. ఎత్తవలసిన ఎత్తు తగ్గుతుంది. చెప్పులతో మాత్రం వద్దు, బూట్లు వేసుకోండి. మొదటి రెండు మూడు సార్లు కుడివైపు ఎవరినైనా నిలబెట్టుకోండి. నడుము నొప్పి పూర్తిగా తగ్గేదాకా సైడ్ స్టాండే వాడండి.