పొగాకు ఇంటి నవలను తెరకెక్కిస్తున్న మేనల్లుడికి

కందుకూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన స్క్రీన్‌ప్లే రెండుసార్లు చదివాను. నవల హక్కులు రాతపూర్వకంగానే తీసుకున్నానన్నావు, సంతోషం. నా అభ్యంతరమల్లా ఒక్కటే: నవలలోని సంఘటనలన్నీ తెచ్చుకున్నావు గాని, ఆ ఇంటివాళ్లు పొద్దస్తమానం చేసే పనిని మాత్రం అక్కడే వదిలేసి వచ్చావు.

అన్నదమ్ములు వేరుపడే ఘట్టమే చూడు. రచయిత పన్నెండు పుటల్లో పెద్దవాడి మనసులోని మాటలుగా రాసినదాన్ని నీవు రచ్చబండ దగ్గర ఉపన్యాసంగా మార్చావు. మన కొండపి, కందుకూరు వైపు పొగాకు పండించే ఇంట్లో ఉపన్యాసాలకు తీరిక ఎక్కడిది? ఆకు ఆరబెట్టే వేడి కొట్టు బ్యారన్‌కు పచ్చాకు ఎక్కించాక అయిదారు రోజులు మంట ఆరకూడదు. అర్ధరాత్రి ఒకరు లేచి, లాంతరు ఎత్తి, కిటికీ అద్దంలోంచి లోపలి థర్మామీటరు చూసి, కట్టె ఎగదోయడమో వెనక్కి లాగడమో చేయాలి. ఎండిన ఆకు జారి కాలే గొట్టం మీద పడిందంటే ఏడాది కష్టం బూడిదే. నీ ఘట్టాన్ని ఆ పొయ్యి దగ్గరే పెట్టు. అన్న వంతు ముగిసినా తమ్ముడు రాలేదు. వదిన వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా కట్టె ఎగదోసింది. తెల్లవారి తమ్ముడు వచ్చి, తన చేలో ఆకు అల్లిన కర్రలను వేరుగా లెక్కపెట్టుకోసాగాడు. పంపకం అయిపోయినట్టే కదా!

నవలకు ద్రోహం చేస్తున్నానన్న బెంగ పెట్టుకోకు. ‘పథేర్ పాంచాలి’ నవలలో ఆరంభంలోనే చనిపోయే ఇందిర్ ఠాక్రున్ అనే ముసలావిడను సత్యజిత్ రాయ్ తన 1955 నాటి చిత్రంలో చాలాసేపు బతికించాడు; ఆ ఇంటి లేమిని ఆమె వంగిన నడుమే చెబుతుంది. రెల్లుపూల మధ్య ఒకరోజు షూటింగ్ చేసి ఆయన మళ్లీ వెళ్లేసరికి పశువులు పూలన్నీ మేసేయడంతో, మరుసటి పూతదాకా ఆగవలసి వచ్చింది. నీవు జనవరి, ఫిబ్రవరి నెలలు దాటనివ్వకు. నేను పనిచేసిన ఒక సినిమాకు మే నెలలో వెళితే చేలో మోళ్లే మిగిలాయి. గత్యంతరం లేక కర్రలకు అరటాకులు కట్టించారు. ఆ బొమ్మ ఇక్కడ ఆడినప్పుడు నేల టిక్కెట్టువాళ్లు పడీపడీ నవ్వుతుంటే నేను విరామం దాకా కూడా కూర్చోలేకపోయాను.

కథాకాలం 1978 అన్నావు గనుక పొగాకు వేలం పాట తీసేయి. మన రాష్ట్రంలో పొగాకు బోర్డు వేలాలు 1985లో గాని మొదలుకాలేదు. అంతకుముందు రైతు కొనుగోలుదారు ముంగిట నిలబడి, అతను ఒక ఆకు లాగి, నలిపి, వాసన చూసి చెప్పిన ధరకు తలవంచేవాడు. ఇది నీకు తప్పు దిద్దుకోవడం మాత్రమే కాదు, లాభం కూడా. అందరి ఎదుటా పాడిన ధర అయితే తమ్ముడికి అనుమానం ఎందుకు పుడుతుంది? అన్న ఒక్కడే వెళ్లి తక్కువ డబ్బుతో తిరిగి వచ్చాడు గనుకనే పుట్టింది. అన్నట్టు, మండలాలు కూడా 1985లోనే వచ్చాయి. ఆఫీసుల పేరు పలకల మీద తాలూకా అని రాయించు.

భాష సంగతి నీకు చెప్పనక్కరలేదనుకుంటాను. “యాడికి పోతుండావు” అనే మనిషి చేత “ఎక్కడికి వెళ్తున్నారండీ” అనిపించకు, అంతే.

వచ్చే వారం ఛాయాగ్రాహకుణ్ణి వెంటబెట్టుకుని రా. మన పాత బ్యారన్ కప్పు సగం పోయింది గాని, కిటికీ అద్దం అలాగే ఉంది, తుడిపించి ఉంచుతాను.

ఇట్లు,
మామయ్య