తడి ఆరిందో లేదో వాసన చూడు

చిట్టితల్లీ,

నగరం సేకరణలో ఉన్న పాత బొమ్మల సరసన అక్కడి కుర్ర ఆర్టిస్టుల కొత్త బొమ్మలు పెట్టి ప్రదర్శన చేయబోతున్నావట. మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతు నిండా సంబరం. నాకూ సంబరమే, కానీ రాత్రంతా కన్ను మూతపడలేదు. ముప్పై ఏళ్లు బొమ్మలు దాచే స్టోర్ తాళాలు మోసినదాన్ని. బొమ్మ కదులుతోందంటే నా కళ్లకు గోడ కనిపించదే, మెట్ల మీద ఇద్దరి చేతుల్లో ఊగుతూ దిగుతున్న ఫ్రేమే కనిపిస్తుంది.

నీకు తెలిసినవే ముందు గబగబా చెప్పేస్తాను. అడిగి తెచ్చుకునే ప్రతి బొమ్మకీ ఒప్పందం రాయించుకో. బీమా అది తన చోటు వదిలిన దగ్గర్నుంచి మళ్లీ అక్కడికి చేరేదాకా ఉండాలి. ఫ్రేమును పైపట్టీ పట్టుకుని ఎత్తకు, ఒక చెయ్యి పక్కన, ఒక చెయ్యి కింద. స్టోర్‌లోంచి ఏది తీసినా ఆ ఖాళీలో చీటీ పెట్టు. చీటీ అంటే నవ్వకు. 1911 ఆగస్టు 21న పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసా పోతే మర్నాటిదాకా గొడవే లేదు. ఫొటో తీయడానికి పట్టుకెళ్లారేమో అనుకున్నారట. మళ్లీ దొరికేసరికి రెండేళ్లు దాటింది.

వెలుతురు దగ్గర మాత్రం మొండిగా ఉండు. కాగితం మీద నీటిరంగులకు 50 లక్స్ చాలు, లక్స్ అంటే వెలుతురు కొలత. తైలవర్ణాలు 200 దాకా తట్టుకుంటాయి. మీవాళ్లలో ఎవరో ఒకరు వీడియో తెర తెస్తారు, చూడు. దాని పక్కన పాత నీటిరంగు గుడ్డిదీపంలా ఉంటుంది, “కాస్త లైటు పెంచండి మేడమ్” అంటారు. లైటు పెంచకు, తెరనే పక్క గదికి పంపు. వెలిసిన రంగు ఆ తర్వాత ఎన్నేళ్లు చీకట్లో దాచినా తిరిగి రాదు.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా చెప్పలేదు.

ఉద్యోగంలో నాకది పదో ఏడు. ఇలాంటి ప్రదర్శనే. పాత బొమ్మలకు కొలతలిచ్చి పెట్టెలు చేయించాను. ఒక్కోదానికి, అది ఏ స్థితిలో ఉందో రాసే కండిషన్ రిపోర్టు నాలుగేసి పేజీలు, వెంట్రుకంత పగులు కూడా గీసి మరీ చూపించాను. కొత్తవాటిని ఆర్టిస్టులే మోసుకొచ్చారు. వాటికి రాసింది ఒక్క ముక్క, ‘అందినది, బాగుంది’. అందులో ఒకటి కత్తితో మందంగా పూసిన తైలవర్ణం. ఆ కుర్రాడు ప్రదర్శన కోసమే వేశాడు. వేలు ఆనిస్తే అంటలేదు, ఆరిందనుకున్నాను. దించేరోజు హడావిడి నీకు తెలుసుగా. నేనే బబుల్ ర్యాప్ చుట్టాను, బుడగలు లోపలి వైపుకి. వ్యాను సాయంత్రం దాకా ఎండలో నిలబడిపోయింది. విప్పి చూస్తే బొమ్మలో ఆకాశం నిండా గుండ్రటి మచ్చలు, ముగ్గు చుక్కల్లా వరసగా.

తైలవర్ణం ఉతికిన బట్టలా ఆరదమ్మా. నూనె గాలి పీల్చుకుని గట్టిపడాలి. పైన మీగడ కట్టినా అడుగున మెత్తగానే ఉంటుంది. ఆఖరి వార్నిష్‌కు ఆరునెలలో ఏడాదో ఆగమనేది అందుకే. నాకు తెలియక కాదు. వందేళ్ల కిందట ఆరిపోయిన బొమ్మల మధ్యే ఉండి ఉండి, తడి అనేది ఒకటుంటుందనే మరిచాను.

అంతకంటే పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. “తడి బొమ్మ ఎవరిమ్మన్నారయ్యా?” అన్నాను. అవును, నేనే అన్నాను. వచ్చినప్పుడు అది ఎలా ఉందో చూపించే ఫొటో లేదు, రిపోర్టు లేదు, బీమావాళ్లు పైసా కదపలేదు. ఆ అబ్బాయి ఎదురు మాట్లాడలేదు. మచ్చలున్న వైపు తనవైపుకు తిప్పుకుని, బొమ్మను చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

అందుకే పదేపదే చెబుతున్నాను, విసుక్కోకు. నగరం బొమ్మకు నంబరుంది, రిజిస్టరుంది, అడిగే ఆఫీసుంది. కొత్త బొమ్మ వెనక ఒక్క మనిషే ఉంటాడు, అతనికీ మొహమాటం. కాబట్టి అది లోపలికి వచ్చిన గంటలోనే, అతని ఎదుటే రిపోర్టు రాయి. నాలుగు మూలలూ, వెనక వైపూ ఫొటో తియ్యి, పక్కనుంచి టార్చి వేసి చూడు. ఎప్పుడు పూర్తి చేశావని అడుగు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడు, నూనె వాసన కొడుతుంటే ఇంకా పచ్చిదే. అక్రిలిక్ అయితే త్వరగా ఆరుతుందని ధీమా పడకు. అది వేడికి మెత్తబడి ప్లాస్టిక్‌ను పట్టేసుకుంటుంది. రంగు మీద దేన్నీ ఆననివ్వకుండా అంచులు మాత్రమే పట్టుకునే పెట్టె చేయించు. డబ్బు లేదని పైవాళ్లంటే కరపత్రాల్లో కోత పెట్టు, ఎలాగూ సగం నేలమీదే ఉంటాయి.

కసిరానా? చిన్నప్పుడు నా ఆఫీసుకొస్తే ఎవరూ చెప్పకుండానే చేతులు వెనక్కి కట్టుకుని బొమ్మలు చూసేదానివి. మా గార్డు ఆ సంగతి చెప్పి చెప్పి మురిసిపోయేవాడు. నాకదంతా గుర్తుంది.

ప్రారంభోత్సవానికి నా కోసం కుర్చీ వేయించకు. బొమ్మలు దించేరోజు వస్తాను. అప్పటికి చప్పట్లు కొట్టినవాళ్లంతా వెళ్లిపోయి ఉంటారు, నీకు చేతులు తక్కువ పడతాయి.

నీ పెద్దత్త