‘మామా’ అంటే అమ్మ, ‘మ్జోంబా’ అంటే మేనమామ

ప్రశ్న: మావారి ఉద్యోగం మూలంగా నాలుగేళ్లుగా నైరోబీలో ఉంటున్నాం. తెలుగు, హిందీ, ఇంగ్లీషు కాక స్వాహిలి బాగానే పట్టుబడింది, ఫ్రెంచి నేర్చుకుంటున్నాను. ఆఫ్రికా సామాజిక సమస్యల మీద ఫ్రీలాన్స్‌గా రాయాలని ఉంది. ఇన్ని భాషలొచ్చని చెప్తే ఎడిటర్లు పనిస్తారా?

జవాబు: ఇవ్వరండీ. మొహమాటం లేకుండా చెప్పేస్తున్నాను, ఏమనుకోకండి. ఎడిటర్‌కి కావలసింది కథ. ఆ కథ మీరే ఎందుకు రాయాలి అని ఆయన అడిగినప్పుడు మాత్రమే మీ భాషలు అక్కరకొస్తాయి. పైగా ‘ఆఫ్రికా సామాజిక సమస్యలు’ అన్నది అసలు సబ్జెక్టే కాదు. ఐక్యరాజ్యసమితి లెక్కన అక్కడ 54 దేశాలున్నాయి, ఒక్క నైజీరియాలోనే 500కి పైగా భాషలు మాట్లాడతారు. మీ ఫ్రెంచి సెనెగల్ రాజధాని డకార్‌లో ఆఫీసు గుమ్మం దాకా తీసుకెళ్తుంది, సంతలోకి అడుగు పెట్టారంటే అక్కడి వోలోఫ్ భాష కావాలి. అందుకని మీరున్న చోటే మొదలుపెట్టండి. నైరోబీ ఇళ్లల్లో పనిచేసే అమ్మాయిల జీతాలో, నీళ్ల ట్యాంకర్ల గొడవో, ఒక్కటి పట్టుకుని దాని మీదే ఏడాది పాటు కూర్చోండి. పిచ్, అంటే ఈ కథ రాస్తానని ఎడిటర్‌కి పెట్టే ప్రతిపాదన, పంపేటప్పుడు ఏం జరుగుతోంది, ఇప్పుడే ఎందుకు రాయాలి, ఇప్పటికే ఎవరితో మాట్లాడారు, ఈ మూడూ ఆరేడు లైన్లలో వచ్చేయాలి. మీ భాషల సంగతి చివరి లైన్లో చాలు.

మీరు అడగలేదు గానీ, డిపెండెంట్ పాస్ (మీవారి ఉద్యోగం మీద మీకిచ్చే అనుమతి) మీద ఉంటే కెన్యాలో పని చేయకూడదు. ముందు వర్క్ పర్మిట్ సంగతి తేల్చుకుని, మీడియా కౌన్సిల్ ఆఫ్ కెన్యా దగ్గర అక్రెడిటేషన్, అంటే విలేకరిగా గుర్తింపు, తీసుకుని, ఆ కార్డు మెడలో వేసుకున్నాకే వీధిలోకి వెళ్లండి. ‘నేను ఊరికే బ్లాగు రాసుకుంటాను’ అంటే పోలీసు దగ్గర చెల్లదు.

ప్రశ్న: జర్నలిజం చదువుతున్నాను. అక్కడివాళ్లనే ఒకరిని దుబాసీగా పెట్టుకుంటే పోయేదానికి భాష నేర్చుకోవడం దేనికి? ఫోన్లో అనువాదం యాప్‌లు కూడా ఉన్నాయి కదా.

జవాబు: దుబాసీ ఎలాగూ కావాలి. నాకు స్వాహిలి వచ్చినా కెన్యా ఉత్తరాన తుర్కానా వైపు వెళ్తే నోరు కట్టేసినట్టే ఉంటుంది. కానీ భాష రాకపోతే ఏం జారిపోయిందో కూడా మనకి తెలియదు, అసలు చిక్కు అదీ.

ఒకసారి తల్లి చనిపోయిన పిల్లాడి గురించి రాస్తున్నాను. నోట్సులో ‘మామా స్కూలు ఫీజు కట్టింది’ అని ఉంది. స్వాహిలిలో మామా అంటే అమ్మ. చనిపోయినావిడ ఫీజెలా కట్టింది? రాత్రి రికార్డింగు పెట్టుకుని మళ్లీ వింటే పిల్లాడన్నది ‘మామా మ్కుబ్వా’. మాటకి మాట పెద్ద అమ్మ, అంటే తల్లికి అక్క. మన పెద్దమ్మే! పిన్నిని ‘మామా మ్డోగో’ అంటారు, చిన్నమ్మ అన్నమాట. పెదనాన్న ‘బాబా మ్కుబ్వా’. మేనత్తకి ‘షంగాజి’, మేనమామకి ‘మ్జోంబా’ అని వేరే మాటలున్నాయి. ఇంగ్లీషులో వీళ్లంతా ఆంటీ, అంకుల్ అయిపోతారు. మనం ‘పెద్దమ్మ పెంచింది’ అని రాస్తే చాలు, ఆ ఇల్లు ఎలాంటిదో పాఠకుడికి అర్థమైపోతుంది. తెలుగువాడికి ఉన్న ఈ సౌకర్యాన్ని ఇంగ్లీషు నోట్సు మీదుగా వెళ్లి పోగొట్టుకోవడం ఎందుకు చెప్పండి.

ఇంకోటి, స్వాహిలిలో ఆయనకీ ఆమెకీ ఒకటే మాట, ‘యేయే’. క్రియలోనూ తేడా కనపడదు. మనకేమో ‘అన్నాడు’ అనో ‘అంది’ అనో తేల్చక తప్పదు. వేధింపుల కేసులో బెదిరించింది అత్తగారా మామగారా అన్నది యాప్‌ని అడిగితే అది తనకి తోచింది రాసేస్తుంది. మీరు నోరు తెరిచి ఆ మనిషినే మళ్లీ అడగాలి.

‘పోలే’ అనే మాట దగ్గర చాలామంది పడతారు, నేనూ పడబోయాను. ఓ అధికారి బాధిత కుటుంబంతో ‘పోలే సానా’ అన్నాడు. యాప్‌లో ‘ఐయామ్ వెరీ సారీ’ అని వచ్చింది. అదే అచ్చయితే ప్రభుత్వం తప్పు ఒప్పుకున్నట్టే! కానీ పోలే అంటే మన ‘అయ్యో పాపం’ లాంటిది. కాలు తట్టుకుని పడబోయినవాడికీ పోలే, పనిలో ఒళ్లు హూనం చేసుకున్నవాడికీ పోలే. తప్పు తనదైతే ‘సమహాని’ అంటారు.

మన నోట్లోంచి వచ్చే మాట కూడా ముఖ్యమే. ఆడపిల్లలకి జననాంగాలు కోసే ఆచారాన్ని కెన్యా 2011 చట్టంతో పూర్తిగా నిషేధించింది. ప్రభుత్వం, ఎన్జీవోలు దాన్ని ‘ఉకెకెటాజి’ అంటాయి, కోత అన్న ధ్వని అందులోనే ఉంది. ఊళ్లో పెద్దావిడ మాత్రం ‘తొహారా’ అనవచ్చు, మగపిల్లల సున్తీకి వాడే మాటే అది. మీరు వెళ్లీ వెళ్లగానే ‘ఉకెకెటాజి’ అన్నారనుకోండి, ఆవిడకి మీరు విలేకరిలా కాదు, కేసు పెట్టడానికి వచ్చినవాళ్లలా కనిపిస్తారు. ముందు ఆవిడ ఏ మాట అంటుందో వినండి, అడిగేటప్పుడు అదే వాడండి. వ్యాసంలో మాత్రం జరిగేదేమిటో ఉన్నదున్నట్టు రాయాలి, అక్కడ మెత్తన పనికిరాదు.

అపాయింట్‌మెంట్ల గురించి కూడా చెప్పాలి. స్వాహిలిలో ‘సా న్నే’ అంటే మాట ప్రకారం నాలుగు గంటలు, గడియారంలో మాత్రం పది. మన పెద్దలు ఝాములు లెక్కేసినట్టే వాళ్లూ పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్కపెడతారు. ఇథియోపియాలోనూ ఇదే పద్ధతి. నేను మొదట్లో ఒకావిడ ఇంటికి సాయంత్రం నాలుగింటికి వెళ్లాను. పొద్దున్న టీ కాచి, మధ్యాహ్నం దాకా చూసి, విసుగొచ్చి పొలానికి వెళ్లిపోయిందట.

ప్రశ్న: ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లు డబ్బులడిగితే ఇవ్వచ్చా? మనకి రావలసినవి రాకపోతే?

జవాబు: మాట్లాడినందుకు ఇవ్వకూడదు. ఇచ్చారంటే తర్వాతి మనిషి మీకు నచ్చే కథే చెప్తాడు. రోజు కూలి మానుకుని బస్సెక్కి వచ్చిన మనిషికి ‘నౌలి’, అంటే దారి ఖర్చు, ఎంపెసాలో (ఫోన్లోంచి డబ్బు పంపే పద్ధతి) పంపి ఆ సంగతి ఎడిటర్‌కి చెప్పేయండి, మెసేజ్ ఫోన్లో ఉంటుంది కాబట్టి లెక్కా ఉంటుంది. ఎదురు డబ్బులు ఇచ్చేవాళ్లూ ఉంటారు. మీటింగుకి వచ్చిన విలేకరులకి చేతిలో పెట్టే దాన్ని ఘనాలో ‘సోలి’ అంటారు, కామెరూన్‌లో ‘గోంబో’, కాంగోలో ‘కూపాజ్’. ఎంత ముద్దు పేరు పెట్టినా లంచమే.

మనకి రావలసినవంటారా, నాకు ఒక పత్రిక ఏడు నెలలు తిప్పి ఇచ్చింది, అదీ బ్యాంకు చార్జీలు పోగా. అప్పటికే దుబాసీకీ డ్రైవర్‌కీ నా జేబులోంచి ఇచ్చేశాను, వాళ్లని ఏడు నెలలు ఆగమనలేం కదా. అందుకే ఇప్పుడు ఖర్చులు ముందే అడుగుతాను, వ్యాసం ఆపేస్తే ఎంతిస్తారో ఈమెయిల్‌లో రాయించుకుంటాను. దుబాసీ పేరు కూడా వ్యాసం కింద వేయమంటాను, ఆ ఊళ్లోనే బతకాల్సిన మనిషి కాబట్టి ముందు అతన్నే అడిగి.

ప్రశ్న: పిల్లల ఫోటోల్లో మొహం కనపడకుండా బ్లర్ చేస్తే చాలా?

జవాబు: చాలదు. కెన్యాలో ఏ బడి స్వెటర్ రంగు ఆ బడిదే. రంగు చూసి బడి చెప్తారు, బడి తెలిస్తే పిల్లెవరో సాయంత్రానికి చెప్పేస్తారు. జేబు మీద బ్యాడ్జీ, వెనక గోడ మీద పేరు, ఫోటో ఫైల్లో దాగి ఉండే లొకేషన్, ఇవన్నీ చూసుకోండి. నేనైతే ఈ మధ్య చేతులో, చెప్పులో తీసి ఊరుకుంటున్నాను. ఎడిటర్లు మొదట సణుగుతారు, తర్వాత వేస్తారు.