రాని వాళ్ళ ఇంటికి ముందు వెళ్ళు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

చిరంజీవి చిట్టికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు ఫోన్లో అడిగినప్పుడు తోచిన నాలుగు మాటలు చెప్పాను కానీ, పెట్టేశాక నాకే తృప్తిగా లేదు. మీ గాజువాక కాలనీలో పెద్దవాళ్ళ కోసం, ఆ మతిమరుపు జబ్బు, అదే డిమెన్షియా, రాకుండా ఏదైనా కార్యక్రమం పెడతానన్నావు. చాలా సంతోషం. నిదానంగా కూర్చుని రాస్తున్నాను, దాచుకో.

మేము మొదలుపెట్టినప్పుడు డిమెన్షియా అనే మాటే మా నోట లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేదు, లిఫ్టు లేదు, ఫోన్లు పలకలేదు. పై అంతస్తుల్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఎంతమందో మాకు అప్పుడే తెలిసింది. పిల్లలేమో అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. మంచినీళ్ళు మోసుకెళ్ళి ఒక్కో తలుపు కొడుతుంటే, ఐదో అంతస్తు మామ్మగారు నా చేయి పట్టుకుని "నీళ్ళు అక్కడ పెట్టి కాసేపు కూర్చో తల్లీ" అన్నారు. కరెంటు వచ్చాక కూడా సాయంత్రం ఐదింటికి సెల్లార్‌లో కుర్చీలు వేయడం మేము మానలేదు. బీపీ మెషీను, రిజిస్టరు, చెవుల సంగతి, అన్నీ ఆ కుర్చీల తర్వాతే వచ్చాయి.

నీకు ముందే ఒకటి చెప్పాలి. ఈ జబ్బును కచ్చితంగా ఆపే మందు గానీ తిండి గానీ వ్యాయామం గానీ లేదు. ఎంతో పద్ధతిగా బతికిన మీ అమ్మమ్మకి వచ్చింది, నువ్వూ చూశావు. కాబట్టి బ్యానర్ మీద "రాకుండా చేస్తాం" అని రాయించకు. ఇప్పటికే వచ్చిన ఇంట్లో వాళ్ళు అది చదివి తమ తప్పే అనుకుని కుమిలిపోతారు. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన పనీ లేదు. లాన్సెట్ వైద్య పత్రిక తరఫున నిపుణులు 2024లో 14 కారణాలు గుర్తించారు. చిన్నప్పుడు చదువు అందకపోవడం దగ్గర్నుంచి ముసలితనంలో ఒంటరితనం దాకా వాటన్నిటినీ సరిదిద్దగలిగితే, ప్రపంచం మొత్తం మీద దాదాపు 45 శాతం కేసులను తప్పించడమో వెనక్కి నెట్టడమో సాధ్యమని చెప్పారు. అది జనం మొత్తానికి వేసిన లెక్క, మన ఎదురుగా కూర్చున్న తాతగారికి ఇచ్చే హామీ కాదు. కానీ ఆ 14లో బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, చెవుడు, చూపు, దిగులు, కదలకుండా కూర్చోవడం, తలకి దెబ్బలు, ఒంటరితనం ఉన్నాయి. వీటిలో చాలావాటికి కాలనీలో పదిమంది కలిస్తే ఏదో ఒకటి చేయొచ్చు.

మొదటి ఏడాది మేము ఒక తప్పు చేశాం. డాక్టరుగారిని పిలిచి తెర మీద మెదడు బొమ్మలు చూపించాం. అరవై మంది దాకా వచ్చారు. తర్వాతి వారం పదకొండు మంది. వచ్చినవాళ్ళకి గుర్తుండిపోయింది భయం ఒక్కటే. తాళం చెవి కనపడకపోతే చాలు, "నాకూ మొదలైంది" అని టెన్షన్ పడేవారు. ఉపన్యాసాలు ఏడాదికి ఒకటి చాలు, సెప్టెంబరు 21 అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) దినం నాడు పెట్టుకో. మిగతా రోజులన్నీ కుర్చీలు, కబుర్లు, నడక.

ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ళ మధ్య వయసున్న 1260 మందితో ఫింగర్ అనే ప్రయోగం చేశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. తిండి, వ్యాయామం, మెదడుకి పని, బీపీ షుగర్ల మీద కన్ను, ఈ నాలుగూ కలిపి రెండేళ్ళు చేయించిన వాళ్ళు, మామూలు ఆరోగ్య సలహాలు మాత్రమే అందుకున్న వాళ్ళకంటే ఆలోచనకు పెట్టిన పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు. తేడా చిన్నదే, కానీ నాలుగూ కలిపి చేయించారన్నది గుర్తుపెట్టుకో. ఒక్క పజిల్ పుస్తకం కొనిచ్చి ఊరుకుంటే సరిపోదు. మేము ఆ నాలుగింటినీ మన పద్ధతికి మార్చుకున్నాం. కోలాటం ఆడించాం. అడుగు లెక్క, పాట, పక్కవాళ్ళ కర్ర ఎటు వస్తుందో చూసుకోవడం, ఒళ్ళూ బుర్రా రెండూ పనిచేస్తాయి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు కుర్చీలో కూర్చునే కర్రలు కలుపుతారు. వామనగుంటలు, పులీ మేకా ఆడతారు. తిండి దగ్గర నేను పెద్దగా పాఠాలు చెప్పను. చోడి (రాగి) అంబలి, ఆకుకూరలు, తినేవాళ్ళయితే కవ్వళ్ళ చేపలు, మనకి దొరికేవే మంచివి. ఉప్పు మాత్రం గట్టిగా చెబుతాను. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, మూడూ ఒకే పూట వద్దు.

బీపీ చూడటం నేర్పించి అప్పగించు. నడిచి వచ్చిన వెంటనే చూస్తే లెక్క తప్పుతుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి, చేయి బల్ల మీద ఉండాలి, అప్పుడు మాట్లాడించకూడదు. ప్రతివారం ఒకే పుస్తకంలో రాయాలి, డాక్టరు దగ్గరికి ఆ పుస్తకమే పట్టుకెళ్ళాలి. ఈ పని మగవాళ్ళకి ఇవ్వు. స్టీల్ ప్లాంటులో, పోర్టులో ముప్పై ఏళ్ళు షిఫ్టులు చేసి రిటైరైన వాళ్ళకి ఊరికే వచ్చి కూర్చోమంటే కాళ్ళు రావు. "రిజిస్టరు మీరు చూడాలి బాబుగారూ" అంటే ఐదు నిమిషాల ముందే వస్తారు.

చెవుల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఇదే ఎక్కువమంది వదిలేస్తారు. మా బ్లాకులో పోర్టు నుంచి రిటైరైన ఒకాయన రావడం మానేశారు. అడిగిన దానికొకటి, చెప్పేది ఇంకొకటి. ఇంట్లో అందరూ చాదస్తం అనేశారు. నేను వెళ్ళేసరికి టీవీ వీధిలోకి వినపడుతోంది. ఈఎన్‌టీ డాక్టరు చూసి రెండు చెవుల్లో గులిమి తీశారు, తర్వాత మిషను పెట్టారు. పదిమందిలో మాటలు అందక, నవ్వుతారని సిగ్గుపడి ఆయన ఇంట్లో ఉండిపోయారు. మిషను కొత్తలో గిన్నెల చప్పుడు కూడా తలలో మోగినట్టుంటుంది, సొరుగులో పడేస్తారు. ఆ మొదటి నెల మనవాళ్ళు రోజూ పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడి అలవాటు చేయించారు. చెవి మిషను డిమెన్షియాను ఆపుతుందని నేను చెప్పను. 2023లో వచ్చిన అమెరికా పరిశోధనలో మొత్తం మీద తేడా కనపడలేదు, మతిమరుపు ముప్పు ఎక్కువున్న పెద్దవాళ్ళలో మాత్రం మూడేళ్ళలో ఆలోచనాశక్తి తగ్గుదల దాదాపు సగానికి మందగించింది. అయినా మనిషి మళ్ళీ పదిమందిలోకి వచ్చాడు, నాకు అదే చాలు. డబ్బు లేనివాళ్ళకి 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చెవి మిషన్లు, కళ్ళజోళ్ళు ఇస్తారు, కనుక్కో. శుక్లాలు ముదిరేదాకా ఆగనివ్వకు, హనుమంతవాకలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది.

మీ వైపు ఒడియా వాళ్ళు, బెంగాలీలు, హిందీ వాళ్ళు కూడా ఉంటారు కదా. తెలుగు సరిగా రాదని వాళ్ళు వెనక కూర్చుంటారు, ముందుకి పిలువు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా బయటపడింది, చదువు రాని వాళ్ళలో కూడా. అందుకే మా దగ్గర ఒడియా బామ్మగారు మాకు వాళ్ళ పాట నేర్పుతారు, ఆవిడ మా దగ్గర తెలుగు సామెతలు నేర్చుకుంటారు.

నడక విషయంలో, మీ దగ్గర లారీలు తిరిగే పెద్ద రోడ్డు పక్కన నడిపించకు, ఆ దుమ్మూ పొగా కూడా నేను చెప్పిన ఆ 14 కారణాల్లో ఒకటి. లోపలి వీధులు చాలు. చీకట్లో బీచ్ ఇసుక మీద నడిపించడం నాకిష్టం లేదు, పడితే తలకి దెబ్బ. స్కూటర్ వెనక కూర్చునే పెద్దవాళ్ళకీ హెల్మెట్ పెట్టించు.

పిలిచేటప్పుడు బొట్టు పెట్టి పిలవద్దు. నేను మొదట అలాగే వెళ్ళాను. భర్త పోయిన ఆడవాళ్ళు తలుపు చాటునే నిలబడిపోయారు. ఎవరు ఎక్కువ ఒంటరిగా ఉన్నారో వాళ్ళనే వదిలేసినట్టయింది. ఇప్పుడు ఒక పని అడుగుతూ వెళతాను. "పనసపొట్టు ఆవ పెట్టి కూర ఎలా చేయాలో మా పిల్లలకి చూపించాలి, మీరే రావాలి" అంటాను. కాదనరు.

మనం జబ్బు పేరు చెప్పకూడదు, అది డాక్టరు పని. అడిగిందే పదేపదే అడగడం, రోజూ వెళ్ళే దారి తప్పడం, చిల్లర లెక్క రాకపోవడం, అలవాటైన వంటలో వరస మర్చిపోవడం కనిపిస్తే ఇంట్లోవాళ్ళతో విడిగా మాట్లాడు, వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క రాయకు. థైరాయిడ్, బి12, వేసుకునే నిద్రమాత్రలు, దిగులు, ఇవన్నీ ముందు చూడమని చెప్పు, వాటిలో సరిదిద్దగలిగేవి ఉంటాయి. ఒక్కసారిగా, గంటల్లో మనిషి తికమక పడిపోతే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి. జబ్బు వచ్చిందని తేలినా కుర్చీ తీసేయకు. ఆ ఇంటి కోడలికో కూతురికో, వాళ్ళు మన దగ్గర కూర్చునే ఆ గంటన్నరే కాస్త ఊపిరి. సాయం ఎక్కడ అడగాలో తెలియని వాళ్ళకి పెద్దల హెల్ప్‌లైన్ నంబరు 14567 గోడ మీద పెద్దక్షరాలతో రాయించు.

ఇక రిజిస్టరు. వచ్చినవాళ్ళ లెక్క కోసం మేము రాయం. రెండు వారాలు ఎవరి పేరు ఎదురుగా ఖాళీ ఉంటే, మూడో వారం మాలో ఇద్దరు వాళ్ళ తలుపు కొడతారు. చెవుడు, మోకాలు, మూత్రం ఆగకపోవడం, కొడుకుతో గొడవ, దిగులు, అన్నీ మాకు అలాగే తెలిశాయి. ఎంతమంది వచ్చారని నిన్ను అడుగుతారు, ఫోటోలు తీస్తారు. నువ్వు మాత్రం ఖాళీ గడులే చూడు.

ఆదివారం రా. పాత రిజిస్టరు, రెండో బీపీ మెషీను ఇస్తాను, లావు చేతులకి పెద్ద పట్టీ కూడా ఉంది. మీ వీధి చివర డాబా ఇంటావిడ మూడు నెలలుగా గుమ్మం దాటడం లేదన్నావు. ఇక్కడికి వచ్చేలోపు ఒకసారి ఆవిడని చూసి రా.

మీ పెద్దమ్మ