మెట్రో స్టేషన్ పార్కింగ్ డబ్బులు ట్రైన్ కార్డు నుంచే కట్ చేస్తే ఎలా ఉంటుంది?

మీరు అడిగింది రెండు సంగతులు. స్టేషన్‌లో బండి పెట్టినందుకు ఫీజు మెట్రో స్మార్ట్ కార్డు నుంచే తీసుకునే పద్ధతి ఎక్కడైనా సవ్యంగా నడుస్తోందా? హైదరాబాద్‌లో పెడితే రోజూ వెళ్ళొచ్చేవాళ్ళకి ఏమైనా లాభమా? నేను వాషింగ్టన్ డీసీ పక్కన వర్జీనియాలో ఉంటాను, ఆఫీసు డీసీలో. వియన్నా స్టేషన్ గ్యారేజీలో కారు పెట్టి ఆరెంజ్ లైన్ ఎక్కడం ఏళ్ళ తరబడి అలవాటు. కాబట్టి ఇక్కడ చూసింది చెప్తాను, అక్కడికి ఎంత పనికొస్తుందో ఆ తర్వాత చూద్దాం.

ముందే ఒక మాట. డబ్బు వసూలు చేయడం ఒక్కటే పనైతే స్మార్ట్ కార్డు అక్కర్లేదు, హైదరాబాద్‌లో యూపీఐ ఉండనే ఉంది. బండి పెట్టిన మనిషి నిజంగా రైలెక్కాడా, లేక పక్కనున్న షాపింగ్‌కి పోయాడా అన్నది కార్డుకి తెలుస్తుంది. దాని అసలు పని అదే. ఆ పని చేయించనప్పుడు కార్డు పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

ఇక్కడి కార్డు పేరు స్మార్‌ట్రిప్. 1999లో వచ్చింది. రైలు, బస్సు ప్రయాణాలకి అమెరికాలో వచ్చిన మొదటి కాంటాక్ట్‌లెస్ కార్డు ఇదే. పొద్దున గ్యారేజీలోకి వెళ్ళేటప్పుడు టికెట్ తీసుకునేదేమీ లేదు, నేరుగా లోపలికి పోయి ఖాళీ వెతుక్కోవడమే. సాయంత్రం బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర కార్డు తాకిస్తే డబ్బులు కట్ అయి గేటు లేస్తుంది. గంటల లెక్క లేదు, రోజుకి ఒకే రేటు. శనాదివారాలు, ఫెడరల్ సెలవులు ఉచితం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మ్యూజియాలకో, చెర్రీ పూలకో తీసుకెళ్ళాలంటే మావాళ్ళందరూ వారాంతంలో ఇదే పని చేస్తారు. డీసీలో పార్కింగ్ కోసం తిరిగే బాధ ఉండదు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. గేటు దగ్గర బూత్‌లో మనిషి కూర్చుని నగదు తీసుకునేవాడు. ఆ నగదులో కొంత మెట్రో దాకా చేరడం లేదని బయటపడి పెద్ద గొడవైంది. దాంతో 2004 జూన్ 28 నుంచి మెట్రో పార్కింగ్‌లో నగదు పూర్తిగా ఆపేసి, స్మార్‌ట్రిప్ ఉంటేనే బయటికి అన్నారు. చూశారా, కార్డు తప్పనిసరి కావడానికి కారణం మన సౌకర్యం కాదు, చేతులు మారే నోట్లు. మన దగ్గర పార్కింగ్ కాంట్రాక్టుల తీరు తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. చీటీ ఇవ్వకుండా పది రూపాయలు జేబులో వేసుకోవడం ఎవరికి తెలియదు!

ఆ మార్పుకి బలైంది అప్పుడప్పుడూ వచ్చేవాళ్ళు. అప్పట్లో రైలుకి కాగితం టికెట్లు కూడా ఉండేవి. కాగితం టికెట్‌తో ఊరంతా తిరిగొచ్చిన మనిషి, కారు బయటికి తీయడానికి మళ్ళీ ఐదు డాలర్లు పోసి కార్డు కొనుక్కోవాల్సి వచ్చేది. 2016లో కాగితం టికెట్లు పోయాయి కాబట్టి ఆ తంటా తగ్గింది. ఇప్పుడు కార్డు రెండు డాలర్లే. ఫోన్‌లో కూడా పెట్టుకోవచ్చు. చాలా గ్యారేజీల్లో క్రెడిట్ కార్డు కూడా తీసుకుంటున్నారు.

ఇక మీ ప్రశ్నకి అసలైన జవాబు ఇక్కడుంది. ఇక్కడ కొన్ని స్టేషన్లలో రెండు రేట్లు ఉంటాయి: రైలెక్కినవాళ్ళకి ఒకటి, ఎక్కనివాళ్ళకి అంతకంటే బాగా ఎక్కువ. ఎవరు ఎవరో కనిపెట్టేది గేటు దగ్గరి రీడరే. మీరు తాకించిన కార్డుతో రైలు ప్రయాణం చేశారా, స్టేషన్ నుంచి బయటికొచ్చి రెండు గంటల లోపేనా అని చూసి రేటు తేలుస్తుంది. మనిషిని నిలబెట్టి అడగాల్సిన పనిలేదు, వాదన లేదు. అయితే కొన్ని చిక్కులున్నాయి. రైలు దిగి పక్కనే రెస్టారెంట్‌లో స్నేహితులతో మూడు గంటలు కూర్చుంటే మీరు రైలెక్కని మనిషి కిందే లెక్క. మొగుడూ పెళ్ళాం ఒకే కారులో వస్తే, రైలెక్కిన కార్డే గేటు దగ్గర తాకించాలి. మా కొలీగ్ ఒకాయన రైలుకి ఫోన్‌లోని కార్డు వాడి, పార్కింగ్ దగ్గర పర్సులోని పాత కార్డు తాకించాడు. పెద్ద రేటు పడింది. మెషీన్ దృష్టిలో ఆ రెండు కార్డులూ ఇద్దరు మనుషులు.

ఆఫీసు ద్వారా కార్డులో డబ్బు వేయించుకునేవాళ్ళకి ఇంకో సంగతి. అమెరికా పన్ను నిబంధనల్లో ప్రయాణం ఖర్చు వేరు, పార్కింగ్ ఖర్చు వేరు. 2025 లెక్క ప్రకారం ఒక్కోదానికి నెలకి 325 డాలర్ల దాకా పన్ను పడని జీతంలోంచి పెట్టుకునే వీలుండేది. అందుకే ఒకే కార్డు లోపల రెండు వేర్వేరు ఖాతాలు ఉంటాయి. రైలు ఖాతాలో వంద డాలర్లు మూలుగుతున్నా పార్కింగ్‌కి పనికిరావు. కొత్తగా చేరినవాళ్ళు కార్డులో డబ్బుండి కూడా గేటు ఎందుకు లేవలేదని తల పట్టుకునేది దీని వల్లే.

సాయంత్రం క్యూ గురించి కూడా చెప్పాలి. వియన్నాలో 5 వేలకు పైగా కార్లు పట్టే చోటుంది. చివరి స్టేషన్ కాబట్టి ఒక్కో రైలు నుంచి జనం బిలబిలమంటూ దిగి, అందరూ ఒకేసారి గేటు దగ్గరికొస్తారు. ముందు కారాయన కార్డులో బ్యాలెన్స్ లేదంటే వెనకున్న పది కార్లకీ టెన్షనే. ఆటో రీలోడ్ (బ్యాలెన్స్ తగ్గగానే కార్డులో డబ్బు దానంతటదే పడే ఏర్పాటు) పెట్టుకోమని కొత్తవాళ్ళకి నేను మొదట చెప్పేది అందుకే.

ఇంకో రెండు ఊళ్ళ పద్ధతి చూడండి. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 2014 జూలై 1 నుంచి రైల్వే స్టేషన్ పార్కింగ్‌కి రోజుకి 2 ఆస్ట్రేలియా డాలర్లు పెట్టారు, అది కూడా వాళ్ళ స్మార్ట్‌రైడర్ కార్డుతోనే. సిడ్నీది నాకు అన్నిటికంటే నచ్చింది. పార్క్ అండ్ రైడ్ (బండి పెట్టి రైలో బస్సో ఎక్కే) గ్యారేజీల్లో అక్కడి ప్రయాణ కార్డు ఓపల్‌తో ప్రయాణం చేసినవాళ్ళకి 18 గంటల వరకు ఉచితం, మిగతావాళ్ళు డబ్బు కట్టాలి. అంటే అక్కడ కార్డు ఉన్నది ప్రయాణికుడి దగ్గర వసూలు చేయడానికి కాదు, అతన్ని వదిలిపెట్టడానికి.

హైదరాబాద్ సంగతికొస్తే, 2024 ఆగస్టులో నాగోల్ మెట్రో స్టేషన్‌లో ఉచిత పార్కింగ్ తీసేస్తున్నామనగానే ప్రయాణికులు ధర్నాకి దిగారు. ఫీజు పెట్టడం కంటే నాకు తప్పుగా కనిపించింది గంటల స్లాబులు, అంటే బండి ఎక్కువ గంటలు ఉంటే ఎక్కువ ఫీజు. పొద్దున ఎనిమిదికి బైకు పెట్టి హైటెక్ సిటీలో ఉద్యోగం చేసి రాత్రి ఏడుకి వచ్చేవాడు పై స్లాబులో పడతాడు. మెట్రో ఎక్కకుండా పక్క సందులో పని చూసుకుని గంటలో పోయేవాడు కింది స్లాబులో పడతాడు. ఎవరి కోసం ఆ జాగా ఉందో వాళ్ళకే ఎక్కువ పడుతోంది! ప్రయాణం చేసిన కార్డుకి రోజు మొత్తానికి ఒకే చిన్న రేటు, మిగతావాళ్ళకి గంటల లెక్క అంటే ఈ తిరకాసు పోతుంది.

టోల్ గేట్ల దగ్గర వాడే ఫాస్టాగ్ పెడితే సరిపోదా అని ఎవరైనా అడగొచ్చు. కార్లకి సరిపోతుంది. ఢిల్లీలో కశ్మీరీ గేట్ మెట్రో స్టేషన్‌లో 2021 జూలైలో ఫాస్టాగ్ పార్కింగ్ మొదలుపెట్టారు కూడా. కానీ మన స్టేషన్ల దగ్గర నిండేది బైకులు, స్కూటీలు. వాటికి ఫాస్టాగ్ లేదు. కశ్మీరీ గేట్‌లో వాటికి చేసిన ఏర్పాటు చూడండి: లోపలికి రావడానికి మెట్రో స్మార్ట్ కార్డు స్వైప్ చేయాలి, అది వచ్చిన సమయం గుర్తుపెట్టుకోవడానికే. డబ్బు మాత్రం క్యూఆర్ కోడ్‌తో యూపీఐలో కడతారు. కార్డులో బ్యాలెన్స్ లేక గేటు దగ్గర ఇరుక్కునే గొడవ దీనిలో ఉండదు. హైదరాబాద్‌కి నేనైతే ఈ దారే ఎంచుకుంటాను, రైలెక్కిందీ లేనిదీ చూసే పని దానికి కలిపి.

వాట్సాప్‌లో క్యూఆర్ టికెట్ కొని ప్రయాణం చేసేవాళ్ళకి ఏం చేస్తారన్నది ముందే తేల్చాలి, హైదరాబాద్‌లో వాళ్ళు తక్కువేం లేరు. తిరుగు ప్రయాణంలో స్టేషన్ ఎగ్జిట్ దగ్గర స్కాన్ అయిన టికెట్‌నే పార్కింగ్ గేటు దగ్గర కూడా చూపిస్తే చాలనాలి. అలా కాకుండా కార్డు ఉన్నవాళ్ళకే తగ్గింపు అంటే, ఇక్కడ కాగితం టికెట్ వాళ్ళకి జరిగిందే అక్కడా జరుగుతుంది. గడువు కూడా రెండు గంటలు చాలదు, స్టేషన్ కిందే కూరగాయలు కొనుక్కుని టీ తాగి వెళ్ళే ఊరది. మూడైనా పెట్టమనండి.