రెండు గొట్టాలకూ ఒకే కొలతా?

ప్రశ్న: పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లు తీసే పద్ధతి) కోసం ఎండిన రూపంలో కొత్తగా వచ్చిన ప్రైమర్ల (ఆ నకలును మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కల) జతలో ఒక గొట్టంపై 24.6 నానోమోల్స్ (ప్రైమర్ ఎంత ఉందో చెప్పే కొలత), రెండోదానిపై 31.2 నానోమోల్స్ అని ఉంది. రెండింటిలోనూ 250 మైక్రోలీటర్ల నీళ్లు పోయవచ్చా?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: వద్దమ్మా. అలా పోస్తే మొదటిది 98.4 మైక్రోమోలార్ (గాఢత కొలమానం), రెండోది 124.8 మైక్రోమోలార్ అవుతుంది. జతలో ఈ తేడా ఎందుకు తెచ్చుకోవాలి? నానోమోల్స్‌ను పదితో గుణించి, అన్ని మైక్రోలీటర్లు పోయండి: 246, 312. రెండూ సరిగ్గా 100 మైక్రోమోలార్ ద్రావణాలవుతాయి. లేబుల్‌పై మైక్రోగ్రాములు కూడా ఉంటాయి. ఈ లెక్కకు వాటిని తీసుకోకండి.

మూత తీసేముందు గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్‌లో కొద్దిసేపు తిప్పి తీరాలి. ఎండిన ప్రైమర్ కంటికి ఆననంత పలుచటి పొర. మూతకు అంటుకుని ఉంటే తెరవగానే రాలిపోతుంది, ఆపై మీ లెక్క ఎంత సరైనదైనా గాఢత తప్పుతుంది. తొందరలో చాలామంది వదిలేసే పని ఇదే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నీళ్లకన్నా టీఈ బఫర్ (ట్రిస్, ఈడీటీఏ అనే రసాయనాలు కలిపిన ద్రావణం) నాకిష్టం. అందులోని ఈడీటీఏ, డీఎన్‌ఏను తినే ఎంజైములకు కావలసిన మెగ్నీషియంను పట్టి ఉంచుతుంది. పీసీఆర్‌కూ మెగ్నీషియం కావాలి కాబట్టి ఈడీటీఏ 0.1 మిల్లీమోలార్ మాత్రమే ఉన్న బఫర్ వాడండి.

పోశాక కాసేపు ఆగి బాగా కలపండి. అందులోంచి 10 మైక్రోలీటర్లకు 90 మైక్రోలీటర్ల బఫర్ చేరిస్తే రోజువారీ వాడకానికి 10 మైక్రోమోలార్ ద్రావణం సిద్ధం. 25 మైక్రోలీటర్ల పీసీఆర్ చర్యలో దీన్ని అర మైక్రోలీటరు వేస్తే 0.2 మైక్రోమోలార్. అసలు ద్రావణాన్ని మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచండి.